గదిలో లైటు కింద మిర్చి, టమాటా: మట్టిలో ఏం కలపాలి, ఎరువు ఎప్పుడు మొదలుపెట్టాలి?

కొత్తమొక్క:
అందరికీ నమస్తే. ఎండ సరిగా పడని గదిలో మొదటిసారి ఎల్‌ఈడీ గ్రో లైటు కింద నాలుగు మిర్చి, రెండు టమాటా పెట్టాను. నారుకు ఈరోజుతో 26 రోజులు. మళ్లీ మళ్లీ మార్చడం ఎందుకని నేరుగా 12 లీటర్ల కుండీల్లోనే నాటేశాను. అడుగున రెండు అంగుళాల గులకరాళ్లు, పైన సగం కోకోపీట్ (కొబ్బరి పొట్టు), సగం వర్మీకంపోస్ట్. రోజూ పొద్దున్నే కుండీకి అర లీటరు నీళ్లు పోస్తున్నాను. రెండు మిర్చి మొక్కల్లో కింది ఆకులు పసుపు పడ్డాయి, మిగతా ఆకులు వాలిపోయినట్టు వేలాడుతున్నాయి. ఇంట్లో 19-19-19 (నైట్రోజన్, ఫాస్ఫరస్, పొటాషియం సమానంగా ఉండే ఎరువు) ప్యాకెట్ ఉంది, ఇంకా ఒక్క గ్రాము కూడా వేయలేదు. మట్టిని గుల్లగా ఉంచే పెర్లైట్ తప్పనిసరా? తోటమట్టి కలపాలా? పెరుగుదలకు ఒకటి, పూతకు ఒకటి, కాయకు ఒకటి అని మూడు సీసాల సెట్ దొరుకుతోంది, అది కొనాలా? పీహెచ్ (ఆమ్లం, క్షారం కొలత) మీటర్ ఇప్పుడే కావాలా? లైటు ఎంత ఎత్తులో పెట్టాలి? దయచేసి చెప్పండి, ఈ పసుపు చూస్తుంటే టెన్షన్‌గా ఉంది.

గదితోట:
అన్నిటికంటే ముందు ఒకటి చెప్పండి, కోకోపీట్ కడిగారా? ఈ మాట ఎవరూ అడగరు, నేను మాత్రం దానివల్లే మొదటి పంట మొత్తం పోగొట్టుకున్నాను. కోకోపీట్ ఇటుకను బకెట్లో నానబెట్టి, పొంగింది కదా అని అలాగే కుండీల్లో నింపేశాను. మూడు వారాలకు ఆకుల అంచులు అగ్గిపుల్లతో అంటించినట్టు మాడిపోయాయి. తర్వాత మిగిలిన ఇటుకను నానబెట్టిన నీళ్లలో ఈసీ మీటర్ (కరిగిన ఉప్పుల మోతాదు చూపేది) పెడితే 3 దాటింది! కొబ్బరి పొట్టులో సహజంగానే సోడియం, పొటాషియం ఎక్కువ ఉంటాయి, కాయల్ని ఉప్పునీళ్లలో నానబెట్టి తీసిన పొట్టయితే ఇక చెప్పక్కర్లేదు. కనీసం మూడుసార్లు మంచినీళ్లతో కడగాలి. కడిగితే పైన ఉన్న ఉప్పే పోతుంది, పొట్టు పట్టుకుని కూర్చున్నది పోదు. దానికి కాల్షియం నైట్రేట్ కలిపిన నీళ్లలో ఒక రాత్రంతా నానబెట్టి మళ్లీ వంపేయాలి. కాల్షియం లోపలికి వెళ్లి ఆ సోడియాన్ని, పొటాషియాన్ని బయటికి నెడుతుంది. ఈ పని చేయకపోతే మీరు తర్వాత వేసే కాల్షియం, మెగ్నీషియం ముందు పొట్టు లాక్కుంటుంది, మొక్కకు మిగిలింది దక్కుతుంది.

లైటుకింద:
నేను 11 ఏళ్లుగా లైట్ల కింద మిర్చి కాయిస్తున్నాను, ఒకేసారి 60 కుండీలు నడిపిన అనుభవం ఉంది కాబట్టి సూటిగా చెప్తాను. మీ మొక్కలకు ఆకలి. 26 రోజులు ఒక్క గ్రాము ఎరువు లేకుండా ఉంచితే కింది ఆకు పసుపు పడక ఏం చేస్తుంది? నైట్రోజన్ లేకపోతే పాత ఆకుల్లోంచి తీసి కొత్త చివుళ్లకు పంపుకుంటుంది, అందుకే కింది నుంచి పసుపు. 19-19-19 లీటరుకు 2 గ్రాములు, వారానికి రెండుసార్లు. పూత మొదలయ్యాక 0-52-34కు మారండి, అందులో 52 శాతం ఫాస్ఫరస్ ఉంటుంది, పువ్వు విరగబూస్తుంది. సీసాలు కొనకండి, ఆ పొడి మందుల్లో ఉండే పోషకాలే చాలావరకు వాటిలోనూ ఉంటాయి.

కొలతకత్తె:
లైటుకింద గారూ, 52 శాతం ఫాస్ఫరస్ కాదండి. ప్యాకెట్ మీద ఆ అంకె ఫాస్ఫరస్‌ను ఆక్సైడ్ లెక్కలో చెబుతుంది, అసలు ఫాస్ఫరస్ కావాలంటే 0.44తో గుణించాలి, అంటే దాదాపు 23 శాతం. పొటాషియానికి 0.83. అది పక్కన పెట్టినా 26 రోజుల నారుకు లీటరుకు 2 గ్రాములా? సగం వర్మీకంపోస్ట్ ఉన్న కుండీలో? వర్మీకంపోస్ట్ నాలుగో వంతు వేసినా మొదటి మూడు నాలుగు వారాలు పై ఎరువు పెద్దగా అక్కర్లేదు.

ఇంకో సంగతి. నా దగ్గరున్న 19-19-19 ప్యాకెట్ తిప్పి చూస్తే, నైట్రోజన్‌లో 4 శాతం నైట్రేట్, 4.5 శాతం అమ్మోనియా, మిగతా 10.5 శాతం యూరియా అని రాసి ఉంది. పొలం మట్టిలో యూరియాను మార్చే సూక్ష్మజీవులు బోలెడు. ఉట్టి కోకోపీట్‌లో అంతగా ఉండవు, అందుకని వేసిన నైట్రోజన్‌లో సగం పైన మొక్కకు ఆలస్యంగా అందుతుంది. పైగా యూరియాను ఈసీ మీటర్ పట్టుకోలేదు, అది నీళ్లలో అయాన్లుగా విడిపోదు కాబట్టి. మీటర్ తక్కువ చూపిస్తోంది కదా అని ఇంకో గ్రాము వేస్తారు, అక్కడే దెబ్బ తింటారు.

లైటుకింద:
ఆక్సైడ్ లెక్క నాకు తెలియక కాదు, కొత్తవాళ్లకు అర్థం కావాలని ప్యాకెట్ మీద ఉన్న అంకె చెప్పాను. నా 60 కుండీలు మీ లెక్కలు చూసి కాయలేదు.

ఈగలబాధ:
నా గొంతు కూడా కాస్త వినండి. సగం వర్మీకంపోస్ట్, రోజూ నీళ్లు, మూసిన గది అని చదవగానే నాకు గుండె ఝల్లుమంది. ఇంకో రెండు వారాల్లో మట్టి మీద చిన్న నల్ల ఈగలు లేస్తాయి. ఈగలు ఏమీ చేయవు, వాటి పిల్లపురుగులే లేత వేర్లు కొరుకుతాయి. నేను మూడు నెలలు వాటితో యుద్ధం చేశాను, రాత్రి దీపం వేసుకుని చదువుకోవడానికి కూడా లేకుండా మొహం మీద వాలేవి. పసుపు జిగురు అట్టలు పెట్టాను, ఒక్కో అట్ట నాలుగు రోజుల్లో నల్లగా నిండిపోయేది, అయినా తగ్గలేదు. ఎందుకంటే అట్ట పెద్దవాటినే పడుతుంది. చివరికి బీటీఐ అనే బాక్టీరియా పొడి నీళ్లలో కలిపి, నాలుగు వారాలపాటు నీళ్లు పెట్టిన ప్రతిసారీ పోస్తే అప్పుడు తెగాయి. గుడ్డు నుంచి ఈగ అయ్యేసరికి మూడు నాలుగు వారాలు పడుతుంది, మధ్యలో ఆపితే మళ్లీ మొదటికే వస్తుంది. పై అంగుళం మట్టి పూర్తిగా ఆరాకే నీళ్లు పోయండి, సగం సమస్య అక్కడే పోతుంది.

వేర్లవెంట:
కొత్తమొక్క గారూ, కుండీ అడుగున రాళ్లు ఎందుకు వేశారు?

కొత్తమొక్క:
నీళ్లు నిలవకుండా దిగిపోతాయని అండీ. అందరూ అలాగే చేస్తారు కదా.

వేర్లవెంట:
అందరూ చేస్తారు, అందరూ తప్పే చేస్తారు. మెత్తని మట్టిలోంచి నీళ్లు కింద ఉన్న పెద్ద రాళ్ల సందుల్లోకి అంత తేలిగ్గా దిగవు. పై మట్టి పూర్తిగా నానిపోయి ఇక పట్టుకోలేని స్థితికి వచ్చాకే దిగుతాయి. అంటే రాళ్లు లేకపోతే కుండీ అట్టడుగున ఉండే ఆ చిత్తడి పొర, రాళ్లు వేస్తే రెండు అంగుళాలు పైకి, వేర్ల దగ్గరికి జరిగింది. 12 లీటర్ల కుండీలో వేలెడు మొక్క, దాని కింద నీళ్లు తాగడానికి వేరు అన్నదే లేని తడి, దానికి తోడు రోజూ అర లీటరు. ఇది ఆకలి కాదు, వేరుకు ఊపిరి ఆడటం లేదు.

కుండపెంకు:
ఇదిగో మళ్లీ వచ్చింది ఈ ఇంటర్నెట్ శాస్త్రం. మా అమ్మ చేతి నుంచి నేర్చుకున్నాను, కుండీ బెజ్జం మీద పెంకు, దాని మీద గుప్పెడు రాళ్లు, ఆ పైన మట్టి. 20 ఏళ్లలో నా మొక్క ఒక్కటి కూడా వేరు కుళ్లి చావలేదు. నీళ్లు పల్లానికి దిగుతాయి, అది చిన్నపిల్లలకు కూడా తెలుసు.

వేర్లవెంట:
పల్లానికి దిగుతాయి, కానీ మట్టి వాటిని పట్టుకుని ఉంటుంది కూడా. వంటింట్లో స్పాంజి తీసుకోండి. నీళ్లలో ముంచి పళ్లెం మీద పడుకోబెట్టి పైకెత్తండి, కాసేపు కారి ఆగిపోతుంది. ఆగాక దాన్ని నిలువుగా తిప్పండి. మళ్లీ కారుతుంది! స్పాంజి అదే, నీళ్లు అవే, ఎత్తు మాత్రమే పెరిగింది. రాళ్లు వేసినప్పుడు మీరు మట్టి ఎత్తు తగ్గిస్తున్నారు, అంటే నిలబెట్టిన స్పాంజిని పడుకోబెడుతున్నారు.

కుండపెంకు:
స్పాంజి వేరు, మట్టి వేరు. నా కుండీలు మీరు ఒక్కసారైనా చూశారా? చూడకుండా తప్పు అని ఎలా అంటారు?

వేర్లవెంట:
మీ కుండీలు చూడక్కర్లేదు, నీటి స్వభావం ఎవరి ఇంట్లోనైనా ఒకటే.

కొలతకత్తె:
ఇద్దరూ కాస్త ఆగండి. పోయిన ఏడాది నేనూ ఇదే గొడవ పడి, తేల్చుకుందామని రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసాలు రెండు మెడ దగ్గర కోసి, అడుగున ఒకే సైజు బెజ్జాలు పెట్టాను. ఒకదానిలో అడుగున నాలుగు వేళ్ల ఎత్తు గులకరాళ్లు, పైన కోకోపీట్, వర్మీకంపోస్ట్ మిశ్రమం. ఇంకోదానిలో అదే మిశ్రమం అడుగు దాకా. రెండింటికీ లీటరు చొప్పున పోసి, కారడం ఆగేదాకా ఒక పూట వదిలేశాను. సీసా గోడలోంచి చూస్తే స్పష్టంగా కనిపించింది. రాళ్ల సందులు పొడిగా, గాలితో ఉన్నాయి. సరిగ్గా రాళ్ల మీద కూర్చున్న మట్టి మాత్రం నల్లగా, నిగనిగలాడుతూ, వేలు పెట్టి నొక్కితే నీళ్లు చిమ్మేలా ఉంది. రెండో సీసాలో అలాంటి నల్ల పట్టీ అట్టడుగున ఉంది. మర్నాడు పొద్దున కూడా రాళ్లున్న సీసాలో ఆ పట్టీ అక్కడే ఉంది. నేను ఆరోజే నా కుండీల్లో రాళ్లు తీసేశాను.

బెజ్జం మీద ఒక్క పెంకు పెట్టడం వేరే సంగతి, అది మట్టి జారిపోకుండా ఆపుతుంది. దోమతెర ముక్క కూడా అదే పని చేస్తుంది. కుండపెంకు గారి మొక్కలు బాగుండటానికి కారణం రాళ్లు కాదు, ఆయన నీళ్లు సరైన సమయానికి పోస్తారు. 20 ఏళ్ల చేయి అది.

కుండపెంకు:
మెచ్చుకుంటున్నట్టు చెప్పి తప్పని తేల్చేశారు. సరే, నీళ్ల విషయంలో మాత్రం ఒప్పుకుంటాను, నేను ఏనాడూ కుండీకి తేదీ చూసి నీళ్లు పోయలేదు. ఎత్తి చూస్తాను. తేలిగ్గా లేస్తేనే పోస్తాను.

తెల్లబురద:
ఎవరైనా కాల్షియం నైట్రేట్, ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) ఒకే సీసాలో చిక్కగా కలిపి దాచుకుంటున్నారా? నేను కలిపాను. గంటలో విరిగిన పాలలా అయి అడుగున తెల్లటి బురద పేరుకుంది. ఎంత ఊపినా కరగలేదు. రెండు నెలలు ఆ పై తేట నీళ్లే పోశాను, టమాటా కాయ అడుగు కుళ్లి నల్లగా పడిపోయింది, కారణం తెలియలేదు.

వేర్లవెంట:
అది జిప్సం. కాల్షియం, సల్ఫేట్ చిక్కగా కలిస్తే జిప్సమై కూర్చుంటుంది. ఫాస్ఫేట్‌తో కలిపినా కాల్షియం ఫాస్ఫేట్ అయి అంతే. అందుకే కాల్షియం నైట్రేట్‌కు ఎప్పుడూ వేరే సీసా. పోసే ముందు నిండు నీళ్లలో ఒకటి బాగా కలిపాక రెండోది కలిపితే ఇబ్బంది లేదు.

కాయ అడుగు కుళ్లుకు మాత్రం ప్రతిసారీ కాల్షియం కొరతే కారణం అనుకోకండి. మట్టిలో కాల్షియం పుష్కలంగా ఉన్నా నీళ్లతో పాటే అది పైకి ఎక్కుతుంది, ఒకరోజు ఎండబెట్టి ఒకరోజు ముంచెత్తితే కాయ కొస వరకు చేరదు. గదిలో గాలి కదలక తేమ ఎక్కువగా ఉన్నా ఆకు నీళ్లు లాగదు, అప్పుడూ అంతే. ఒక చిన్న ఫ్యాన్ చాలాసార్లు సీసాడు కాల్షియం కంటే ఎక్కువ పని చేస్తుంది.

పూతరాలి:
ఫ్యాన్ అన్నారు కాబట్టి అడుగుతున్నాను, నా మిర్చికి పూత వచ్చి వచ్చి రాలిపోతోంది, కాయ కట్టడం లేదు. 0-52-34 వేస్తే ఆగుతుందా?

లైటుకింద:
వేయండి, తప్పకుండా ఆగుతుంది.

ఈగలబాధ:
గదిలో గాలీ లేదు, తేనెటీగా లేదు, పుప్పొడి ఎలా రాలుతుంది? ముందు పువ్వు కాడను వేలితో మెల్లగా తట్టండి, రోజుకొకసారి, మధ్యాహ్నం పూట. నేను పాత ఎలక్ట్రిక్ టూత్‌బ్రష్ వెనక వైపు పువ్వు తొడిమకు ఆనిస్తాను, పసుపు పొడి రాలడం కంటికి కనిపిస్తుంది. గది మరీ వేడెక్కుతున్నా పూత రాలుతుంది, లైటు కింద ఆకు దగ్గర థర్మామీటర్ పెట్టి చూడండి. ఫాస్ఫరస్ ఎక్కువ పోస్తే వేరు ఐరన్, జింక్ తీసుకోలేదు, చివుళ్లు ఈనెల మధ్య పసుపు పడి ఇంకో సమస్య వస్తుంది.

లైటుకింద:
60 కుండీలు నడిపినవాడికి టూత్‌బ్రష్ పాఠం చెప్తున్నారు. కొత్తవాళ్లకు సాయం చేద్దామని వస్తే ప్రతి మాటకూ నలుగురు మీద పడుతున్నారు, ఇలా అయితే అనుభవం ఉన్నవాళ్లు ఎవరూ రాయరు.

కొలతకత్తె:
మీ అనుభవాన్ని ఎవరూ కాదనలేదండి. లీటరుకు 2 గ్రాములు మీ పెద్ద మొక్కలకు సరిపోతుందేమో, కొత్తమొక్క గారిది ఇంకా 26 రోజుల నారే. నారుకు ఈసీ 0.6, 0.8 దగ్గర మొదలుపెట్టి, కొమ్మలు వేశాక 1.5 దాకా, కాయ దశలో 2 దాకా మెల్లగా పెంచుకుంటాను నేను. ఈ తేడా చెప్పకుండా ఒకే కొలత ఇస్తే కొత్తవాళ్లు మొక్కల్ని మాడ్చుకుంటారు, నా భయం అదే.

గదితోట:
పీహెచ్ గురించి ఎవరూ చెప్పలేదు, కొత్తమొక్క గారు అడిగారు కదా. వర్మీకంపోస్ట్, మట్టి ఉన్న మిశ్రమంలో 6 నుంచి 6.8 మధ్య ఉంటే చాలు, రోజూ కొలవక్కర్లేదు, చుక్కల మందు సీసాతో నెలకోసారి చూసుకుంటే సరిపోతుంది. ఉట్టి కోకోపీట్‌లో అయితే 5.8 నుంచి 6.2, అక్కడ మీటర్ లేకపోతే కష్టం. నిమ్మ ఉప్పుతో దించేవాళ్లున్నారు, అది రెండు మూడు రోజుల్లో సూక్ష్మజీవులు తినేసి పీహెచ్ మళ్లీ పైకి పోతుంది. తోటమట్టి మాత్రం వద్దు, కుండీలో నీళ్లు పోసేకొద్దీ ఇటుకలా గట్టిపడుతుంది, దాంతోపాటు ఇంట్లోకి పురుగులు, గుడ్లు కూడా వస్తాయి. పెర్లైట్ వేయండి, నాలుగో వంతు. అది వేడికి మరమరాల్లా పొంగిన రాయి, కుళ్లదు, లోపల గాలి ఉంటుంది. కలిపేటప్పుడు కాస్త తడపండి, ఆ తెల్లదుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోనివ్వకూడదు. వర్మిక్యులైట్‌ను దాని బదులు వాడకండి, అది నీళ్లు పట్టుకునేది.

కొత్తమొక్క:
ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. నిన్న సాయంత్రం ధైర్యం చేసి పసుపు పడిన మిర్చిని కుండీలోంచి తీశాను. పైన రెండు అంగుళాలు పొడిగా, లేత గోధుమరంగులో ఉంది, అది చూసే నేను రోజూ నీళ్లు పోస్తున్నాను. చేయి లోపలికి పెడితే రాళ్ల పైన ముద్దలా చల్లగా తగిలింది, పిండితే నీళ్లు కారాయి, పుల్లటి మురుగు వాసన. వేరు ఆ తడి దాకా వెళ్లి కొసలు గోధుమరంగులోకి మారాయి, వేళ్ల మధ్య పట్టుకుంటే తొక్క జారిపోయి లోపల దారం మిగిలింది. చూసి ఏడుపొచ్చింది. పై వేర్లు మాత్రం ఇంకా తెల్లగానే ఉన్నాయి. పాడైన కొసలు కత్తిరించి, 2 లీటర్ల చిన్న కుండీలోకి మార్చాను, రాళ్లు లేవు, బెజ్జం మీద దోమతెర ముక్క. కడిగిన కోకోపీట్ సగం, వర్మీకంపోస్ట్ పావు, పెర్లైట్ పావు. కాల్షియం నైట్రేట్ దొరకలేదు, అందుకని ఉట్టి నీళ్లతో నాలుగుసార్లు కడిగాను. సరిపోతుందా? మిగతా ఐదు కూడా తీసేయాలా?

వేర్లవెంట:
తీసేయండి, ఈరోజే. టమాటా కాస్త ఓర్చుకుంటుంది, మిర్చి ఓర్చుకోదు. మార్చాక ఒక్కసారి నిండుగా పోసి, తర్వాత కుండీ తేలికయ్యేదాకా ముట్టుకోకండి. వర్మీకంపోస్ట్‌లో కాల్షియం ఉంటుంది, ఇప్పటికి గడుస్తుంది. ఎరువు కొత్త ఆకు వచ్చేదాకా వద్దు.

కుండపెంకు:
అమ్మా, నీళ్లు పోసిన వెంటనే ఒకసారి ఎత్తి చూడండి, ఆ బరువు చేతికి గుర్తుండాలి. రెండు రోజులకు మళ్లీ ఎత్తండి. సగం బరువు అనిపించినప్పుడు పోయండి. నేను ఇద్దరు పిల్లలకూ ఇలాగే నేర్పాను. రాళ్ల సంగతి, నేను కూడా రెండు కుండీలు పక్కపక్కన పెట్టి చూస్తున్నాను, ఒకే మొక్క కొమ్మలు, ఒకదానికి రాళ్లు, ఒకదానికి లేవు. ఫలితం ఏదైనా ఇక్కడే రాస్తాను.

పూతరాలి:
టూత్‌బ్రష్ పెట్టాను, నిజంగానే పొడి రాలింది! మూడు పువ్వులు రాలకుండా నిలబడ్డాయి, తొడిమ పచ్చగా ఉంది. కాయ కట్టినట్టేనా?

ఈగలబాధ:
రేకులు ఎండి ఊడిపోయాక మధ్యలో ఆవగింజంత పచ్చటి బొడిపె కనిపిస్తే కట్టినట్టే. నాలుగు రోజులు ఆగండి.

కొత్తమొక్క:
తొమ్మిదో రోజు. పసుపు ఆకులు రెండూ రాలిపోయాయి, అవి మళ్లీ పచ్చబడలేదు. మిగతావి పొద్దున లైటు వేసిన అరగంటకే పైకి లేస్తున్నాయి. కొసన కొత్త ఆకు జత విచ్చుకుంది, ముదురు పచ్చ, ఈనెల మధ్య మచ్చ లేదు. ఈ తొమ్మిది రోజుల్లో రెండుసార్లే నీళ్లు పోశాను. కుండీ బెజ్జం దగ్గర దోమతెర సందులోంచి తెల్లటి వేరు కొస ఒకటి బయటికి వచ్చింది, గోరంత ఉంటుంది. ఇప్పుడు 19-19-19 లీటరుకు అర గ్రాముతో మొదలుపెట్టొచ్చా?

కొలతకత్తె:
మొదలుపెట్టండి, ముందు పావు గ్రాము. లైటు ఎత్తు మాత్రం మీరు అడిగిందగ్గరే ఉండిపోయింది, వాట్లు ఎన్నో రాయండి, చెప్తాను.